ఆరాక కనబడే ఎరుపు

పదహారేళ్లు ఒళ్లు దాచుకోకుండా పనిచేసిన వస్తువు, అమ్మకానికి పెట్టిన రోజున, ఒక్కపూట కూడా పనిచేయనట్టు ఎందుకు కనబడాలి?

ఈ ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. మీ మాట మాకు వినబడలేదని మనుషులు తప్పించుకోజాలరు. ప్రశ్న వాళ్ల కళ్లెదుటే, నా తలుపు మీదే, మూరెడు పొడవున ఉంది. చదవడం ఇష్టంలేక చెరపబోయారు.

నేను ఒక కారును. ఎర్ర కారును అని చెప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు గాని, ఏ ఎరుపు అని అడిగితే కొంత వివరంగా చెప్పవలసి వస్తుంది. ఎందుకంటే ఇప్పుడు నా ఒంటిమీద మూడు ఎరుపులున్నాయి. ఒకటి పుట్టుకతో వచ్చింది. ఒకటి బందరు ఎండ ఇచ్చింది. మూడోది భాస్కరంగారి పుణ్యం.

ఫ్యాక్టరీలో నా ఇనుపరేకును ముందు బూడిదరంగు ప్రైమర్‌లో ముంచారు. ఆరాక దాని మీద ఎరుపు కొట్టారు. ఖరీదైన బండ్లకు ఆ పైన గాజులాంటి మరో పూత వేస్తారు. నాది చవక జాతి కనుక ఆ పూతకు నోచుకోలేదు. ఎండకూ నాకూ మధ్య అడ్డుగా ఉన్నది నా ఎరుపు ఒక్కటే. ఆ మాట అమ్మినవాళ్లు ఎవరికీ చెప్పలేదు. షోరూములో ట్యూబులైట్ల కింద నిలబెట్టి, దానిమ్మగింజలా ఉందని మాత్రం పొగిడారు.

అలా పొగుడుతున్నవాణ్ణి చెయ్యెత్తి ఆపి, బ్రేకులు ఎంత దూరంలో పడతాయని అడిగిన మనిషి హైమవతి. అప్పటికి ఆమెకు నలభై ఐదేళ్లు. బడిలో కుట్టుపని నేర్పే ఉద్యోగం మానేసి, ఆడవాళ్లకు కారు నడపడం నేర్పాలని నిశ్చయించుకుని వచ్చింది. తెలుపు తీసుకోమని షోరూమువాళ్లూ, బూడిదరంగైతే మురికి కనబడదని తమ్ముడు భాస్కరమూ సలహా ఇచ్చారు. ఆమె ఎరుపే కావాలన్నది. ఎదుటి బండివాడికి దూరం నుంచే కనబడి, వాడు పక్కకు తప్పుకోవాలన్నది ఆమె లెక్క. ఫైరింజను కొన్నావేమిటక్కా అని భాస్కరంగారు నవ్వారు. ఆయన నవ్వులను నేను అప్పటినుంచీ గుర్తుపెట్టుకుంటూ వస్తున్నాను.

పక్కసీటు కింద నాకు రెండో జత పెడల్స్ బిగించారు, అవసరం పడితే ఆమె తన కాలితో బ్రేకూ క్లచ్చూ తొక్కడానికి. రెండు తలుపుల మీదా విడివిడిగా కత్తిరించిన తెల్లని స్టిక్కరు అక్షరాలు అంటించారు: హైమవతి మహిళా డ్రైవింగ్ స్కూల్. వెనుక డిక్కీ మీద అలాగే ఆమె స్వయంగా అంటించుకున్న మాట: నేర్చుకుంటున్నారు, ఓర్చుకోండి. లారీడ్రైవర్లు ఆ మాట చదివి హారన్ ఇంకొంచెం గట్టిగా కొట్టేవారు.

పదహారేళ్లలో నా స్టీరింగు పట్టినవాళ్లు, ఆమె రిజిస్టరు ప్రకారం, పదకొండు వందల పన్నెండు మంది. నర్సులు, టీచర్లు, చేపల వ్యాపారం చేసే ఇద్దరు అక్కచెల్లెళ్లు, ఒక ఎమ్మార్వో, ఆ ఎమ్మార్వో ఆఫీసులో అటెండరు. మంగినపూడి రోడ్డు మీద తిన్నగా, కోనేరు సెంటరులో వంకరగా, అందరూ నన్నే నడిపారు. స్టీరింగుకు దణ్ణం పెట్టి, ఆ వెంటనే గేటు స్తంభాన్ని గుద్దినవాళ్లున్నారు. లారీ ఎదురైతే కళ్లు మూసుకునే మనిషి ఉండేది. మూసుకుంటే లారీ పోతుందా అని హైమవతి అడిగితే, పోతోంది కదా మేడం అని నిదానంగా జవాబిచ్చింది. ఇంకొకావిడ కొత్త బండిని తొక్కకూడదని చెప్పులు రోడ్డు మీద విడిచి ఎక్కింది. మేము మూడు కిలోమీటర్లు వెళ్లాక గాని ఆ సంగతి తెలియలేదు. వెనక్కి వచ్చేసరికి ఒక చెప్పే ఉంది. గేర్లు విరిగేంత పని చేసి గేర్‌రాడ్డుకు సారీ చెప్పినవాళ్లకైతే లెక్కలేదు. ఆ సారీని నేను నిజమైన మాటగానే తీసుకున్నాను. తరువాతి కాలంలో నాకు దక్కిన మర్యాదలతో పోలిస్తే అది చాలా పెద్దది.

హైమవతి నేర్పబోయి విఫలమైంది ఒక్కరి దగ్గరే. భాస్కరంగారు రెండుసార్లు ప్రయత్నించి, రెండుసార్లూ ఎదురింటి ప్రహరీని తాకి, కారులో వెనకసీటే సుఖమని తేల్చుకున్నారు. సహకార బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. ఊళ్లో ఎవరు ఏ వస్తువు అమ్మాలన్నా పిలవకుండా వచ్చి సాయపడతారు.

ఇంతలో ఎండ తన పని చేసుకుపోయింది. హైమవతి ఇల్లు పడమటి ముఖం. మధ్యాహ్నం పాఠాల మధ్య నేను వీధిలోనే నిలబడేదాన్ని. ఏడో ఏటికి బానెట్ కుంకుమ రంగుకు వచ్చింది. పదో ఏటికి ఇటుక రంగు. పన్నెండు దాటాక, చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు, ఉతికి ఉతికి వెలిసిన రవికె రంగు. వేలు పెట్టి రాస్తే వేలికి ఎర్రని పొడి అంటేది. స్టిక్కర్ల కింద మాత్రం ఎండ తగలలేదు. అక్కడ నా పుట్టుక ఎరుపు, అక్షరాల ఆకారంలో, చెక్కుచెదరకుండా ఉండిపోయింది.

ఆ సంగతి బయటపడింది కిందటి ఏడాది. హైమవతి కళ్లకు పక్కచూపు సన్నగిల్లింది. ఎదురుగా ఉన్నది కనబడుతుంది. ఎడమపక్క నుంచి సైకిలు వస్తే కనబడదు. డాక్టరు చెప్పిన మరునాడే ఆమె స్కూలు మూసేసింది. ఒక్క పాఠం కూడా అదనంగా చెప్పలేదు. సగంలో ఉన్న ఐదుగురికీ డబ్బు వెనక్కి ఇచ్చి, తలుపులమీది, డిక్కీమీది స్టిక్కర్లు తన గోళ్లతోనే ఒలిచింది. ఒలిచి, అలాగే నిలబడిపోయింది. తెల్లని అక్షరాలు పోయినచోట ముదురెర్రని అక్షరాలు ఉన్నాయి. అదే వాక్యం, అదే పేరు. ఆమె వాటిని చూసి లోపలికి వెళ్లింది. ఆ పూట ఆమె ఏడ్చిందో నవ్విందో నాకు తెలియదు. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పే అలవాటు నాకు లేదు.

కాగితాల మీద నన్ను సొంత వాడకం బండిగా మార్పించారు. కాగితం ఆ పదహారేళ్లనూ ఒక్క సంతకంతో మరిచిపోయింది. రంగు మరవలేదు. భాస్కరంగారి కష్టమంతా అక్కడ మొదలైంది.

డ్రైవింగ్ స్కూలు బండి అంటే కొనేవాడు రెండడుగులు వెనక్కి వేస్తాడని ఆయన వాదన. అది నిజమే. అందుకని ఆయన ప్రకటన ఇలా తయారుచేశారు: ఒకే యజమాని, మహిళ ఒక్కరే నడిపిన బండి. మొదటి సగం నిజం. రెండో సగానికి పదకొండు వందల పన్నెండు మంది సాక్షులున్నారు, వ్యతిరేకంగా. ఎవరైనా వచ్చి అడిగితే ఆ ఒక్క మాట నువ్వు అనాలి అని ఆయన అక్కగారికి చెప్పారు. ఆమె అంటాననలేదు, అననని కూడా అనలేదు. వాకిట్లో నిలబడి అది వింటుంటే నాకు క్లచ్ ప్లేటు కాలినంత పనైంది. పదహారేళ్లు పక్కసీటులో కూర్చుని, అద్దంలో ఉన్నది ఉన్నట్టు చూడండి అని అందరికీ చెప్పిన మనిషి ఆ అబద్ధం ఆడుతుందా? ఆడితే నేను ఏ రంగులో ఉంటే మాత్రం ఏం?

ఆయన ముందు సొంత వైద్యం చేశారు. కొబ్బరినూనె పట్టించారు. పూటంతా తళతళలాడాను. సాయంత్రానికి బందరు దుమ్మంతా వచ్చి నూనెకు అంటుకుంది, చీమలు వరసకట్టాయి. తరువాత ఫోనులో ఎవరో చూపించారని టూత్‌పేస్టు తెచ్చారు. నా బానెట్‌కు పళ్లు లేవు. ఈ విషయం ఆయనకు ఎవరో ఒకరు చెప్పి ఉండవలసింది. మూడు ట్యూబులు అయ్యాక చెప్పింది హైమవతే.

“నడపడం రానివాడివి, తోమడం మాత్రం బాగా వచ్చిందిరా నీకు,” అన్నది.

ఆ తరువాత నన్ను బైపాస్ రోడ్డులో ఖాజావలి షెడ్డుకు తోలించారు. ఖాజావలి ముప్పై ఏళ్లుగా కార్లకు రంగులు వేస్తున్న మనిషి. రంగు గురించి తప్ప మరో దాని గురించి మాట్లాడడు. గుడ్డకు కొంచెం రబ్బింగ్ కాంపౌండ్ అద్ది, నా బానెట్ మీద అరచెయ్యంత మేర రుద్ది, ఎర్రబడిన ఆ గుడ్డను భాస్కరంగారికి చూపించాడు.

“పైన పొర చచ్చిపోయింది సార్. కింద రంగు బతికే ఉంది. చచ్చింది తీసేస్తే బతికింది కనబడుద్ది. అంతకంటే లోపలికి పోకూడదు.”

నా గురించి నేను విన్న మాటల్లో అంత గౌరవమైనది ఇంకొకటి లేదు. రెండు రోజులు చేత్తోనూ మిషనుతోనూ ఓపికగా రుద్దాడు. గుడ్డలు ఎర్రబడ్డాయి, నేల ఎర్రబడింది, అతని చేతులు మోచేతులదాకా ఎర్రబడ్డాయి. నా లోపల నుంచి నేను మరిచిపోయిన రంగు పైకి వచ్చింది. మైనం పట్టించి ఎండలోకి తోశాక హైమవతి నా చుట్టూ తిరిగి చూసింది. షోరూము వదిలిన తరువాత అంత ఎరుపు నేను ఎరగను. తలుపుల మీద అక్షరాలు, వాలుగా చూస్తే, సన్నగా ఉన్నాయి. తిన్నగా చూస్తే లేవు. ఇక్కడ ఆపుదామన్నాడు ఖాజావలి. ఆపవయ్యా అన్నది హైమవతి.

కాని భాస్కరంగారు వాలుగా చూశారు. ఈ దేశంలో కారు కొనేవాళ్లందరూ వాలుగానే చూస్తారన్నారు. అక్షరాలు పూర్తిగా పోవాలన్నారు. అక్కడ రంగు మందంగా ఉంది, చుట్టుపక్కల పలచబడింది, సమం చేయాలంటే వాటర్ పేపర్ అనే గరుకు కాగితం పెట్టి అరగదియ్యాలి, అంచుల దగ్గర ప్రైమర్ బయటపడుద్ది అని ఖాజావలి చెప్పాడు. ఆయన వినలేదు. బండి మీది, మీ ఇష్టం అని విసుక్కుంటూ, చేసేవాడు చేయించేవాడి మాట వినాలనే ఆ షెడ్డు ధర్మం ప్రకారం ఖాజావలి కాగితం తడిపాడు.

ఆ పగలు ఎలా గడిచిందో విస్తరించి చెప్పను. కుడి తలుపు మీద మొదటి అక్షరం అంచున, రేకు మడతపడిన గీత దగ్గర, బూడిదరంగు బయటపడింది. మా మనుషుల విశేషం చూడండి: తప్పు కనబడగానే ఆపరు, కప్పుతారు. డబ్బాలో దొరికిన దగ్గరి ఎరుపు తెచ్చి అక్కడ కొట్టించారు. దగ్గరి ఎరుపు వేరు, ఎరుపు వేరు. అంతా అయ్యాక చూస్తే అక్షరాలు చెరగనూ లేదు, తలుపు ఒకే రంగుకు రానూ లేదు. ఖాజావలి చేతులు కడుక్కుని చివరి సలహా చెప్పాడు.

“ఎండలో చూపించొద్దు సార్. పొద్దుగూకాక చూపించండి. కుదరకపోతే నీళ్లు కొట్టి చూపించండి. తడిలో అన్నీ ఒకటే ఎరుపు.”

పక్కసీటు కింది పెడల్స్‌ను కూడా ఊడదీయించి, గోనెసంచిలో చుట్టి భాస్కరంగారు ఎక్కడో దాచారు. మిగిలిన రెండు రంధ్రాల మీద కొత్త మ్యాటు పరిచారు.

చూడటానికి వచ్చిన మనిషి పేరు సామ్రాజ్యం. పెడన ఆవిడ. అక్కడ ఆమెకు కలంకారీ అద్దకం షెడ్డు ఉంది. చెక్క అచ్చులతో గుడ్డల మీద బొమ్మలు అద్దించి, ఎర్రరంగులో ఉడికించి, మైదానంలో ఆరేయించే పని. వయసు నలభై ఎనిమిది. గుడ్డలు మోయడానికి సొంత బండి కావాలని ఫోను చేసింది. భాస్కరంగారు సాయంత్రం ఆరింటికి రమ్మన్నారు. సాయంత్రం గుడ్డలు ఎత్తే వేళ, కుదరదని చెప్పి, ఆమె పగలు పదకొండింటికే బస్సు దిగి వచ్చేసింది.

వీధి మలుపులో ఆమె కనబడగానే భాస్కరంగారు బకెట్టు పట్టుకుని పరుగెత్తిన పరుగు, అరవైకి చేరిన మనిషికి, మెచ్చుకోదగ్గది. నాలుగు బకెట్లు గుమ్మరించారు. నిజం చెప్పాలంటే తడిలో నేను అద్భుతంగా ఉన్నాను. తలుపులు, బానెట్, డిక్కీ, అంతా నున్నగా, ఒకటే ఎరుపు. అబద్ధం ఇంత అందంగా ఉంటుందని నాకే తెలియదు.

సామ్రాజ్యం నన్ను చూసింది. ముట్టుకోలేదు. చేతిసంచి భుజం మీద సర్దుకుని, కుర్చీ ఉంటే వేయించమన్నది.

“బండి ఎలా ఉందంటారు?” అని భాస్కరంగారు అడిగారు.

“తడి మీద ఎరుపు ఎలా ఉందో చెప్పకూడదండీ. మా పనిలో చెప్పరు. ఆరనివ్వండి, అప్పుడు చెప్తాను.”

బందరు చుట్టుపక్కల పాతిక ఊళ్లలో ఎవరొచ్చినా సరిపోయేది. ముప్పై ఏళ్లుగా ఎరుపు ఆరేదాకా కూర్చోవడమే పనిగా పెట్టుకున్న మనిషే రావాలా?

హైమవతి కుర్చీ తెచ్చి వేసింది, మజ్జిగ ఇచ్చింది, తానూ గుమ్మంలో కూర్చుంది. ఎండ తీక్షణంగా ఉంది. ముందుగా నా బానెట్ ఆరింది. అక్కడంతా బాగానే ఉంది. అది ఖాజావలి మంచి పని. ఆ తరువాత డిక్కీ ఆరడం మొదలుపెట్టింది. భాస్కరంగారు దుమ్ము పడిందంటూ చెంబుతో నీళ్లు తెచ్చారు. సామ్రాజ్యం ఆయన వంక చూడకుండానే మాట్లాడింది.

“పొయ్యండి బాబుగారూ. మీరొక చెంబు పోస్తే నేనింకో అరగంట కూర్చుంటా. నాకు అలవాటే.”

చెంబు కింద పెట్టారు.

ఆరుతున్న రేకు మీద ఒక్కో అక్షరం తేలడం ఎలా ఉంటుందో, దాచమని చెప్పిన సంగతి అందరి ఎదుటా మీ ముఖం మీదే బయటపడితే మీకు తెలిసేది. డిక్కీ మీద మొట్టమొదట ‘ఓర్చుకోండి’ తేలింది. కుడి తలుపు మీద బొట్టుపెట్టినట్టు ఆ దగ్గరి ఎరుపు వేరుగా కనబడింది. దాని పక్కనుంచి హై, మ, వ, తి. సామ్రాజ్యం లేచి వచ్చి, చూపుడువేలు అడ్డంగా జరుపుతూ తలుపంతా తడిమి చూసింది. అద్దకంవాళ్లు అచ్చు పడిందా లేదా అని చూసే తీరు అది.

“ఇది ఎవరి అచ్చండీ?”

పాత ఓనరుదేదో స్టిక్కరు అని మొదలుపెట్టి, ఒకే యజమాని అన్న తన ప్రకటన గుర్తుకొచ్చి, భాస్కరంగారు మధ్యలో ఆగిపోయారు. అక్కగారి వైపు తిరిగి, కనుబొమలతో ఆ ఒక్క మాట అడిగారు.

హైమవతి గుమ్మంలోంచి లేచింది.

“నాదమ్మా. ఆ పేరు నాది. ఈ బండి నేనొక్కదాన్నే నడపలేదు. పదకొండు వందల పన్నెండు మంది నడిపారు, నేను పక్కన కూర్చున్నాను. క్లచ్చు నాలుగుసార్లు మార్పించాను. ఎడమవైపు ముందు రేకు రెండుసార్లు కొత్తది వేయించాను. ఆ తలుపు మీద రంగు ఇప్పుడు పలచగా ఉంది. నిరుడు చూసి ఉంటే వెలిసి ఉండేది, కాని మందంగా ఉండేది.”

అంతే. నాకు ఇంతకన్నా మెరుపు ఏ కాంపౌండుతోనూ రాదు.

సామ్రాజ్యం అడిగింది ధర కాదు.

“నలభై ఎనిమిదేళ్లకు వస్తదాండీ, నడపడం?”

“డెబ్బై రెండేళ్లావిడకు వచ్చింది. రివర్సు మాత్రం రాలేదు. ఆవిడ వెళ్లిన చోటల్లా చుట్టు తిరిగి వచ్చేది.”

సామ్రాజ్యం నవ్వింది. మీరు నేర్పుతారా అని అడిగింది. ఇలాంటి చోట మనుషులు కథల్లో సరే అంటారు. హైమవతి అనలేదు.

“నేర్పను. ఎడమపక్క ఏముందో నాకు కనబడదు. కనబడుతోందని చెప్పి నీ పక్కన కూర్చోలేను. నా దగ్గర నేర్చుకున్న రోజ్‌మేరీ గుడివాడలో నేర్పుతోంది, కబురు చేస్తాను. పెడల్స్ మాత్రం తిరిగి బిగించాలి.” ఆమె తమ్ముడి వైపు తిరిగింది. “సంచి ఎక్కడ పెట్టావురా?”

సంచి బియ్యం డబ్బా వెనక ఉంది. భాస్కరంగారు దాన్ని మోసుకొచ్చి నా పక్కన దించారు. బేరం తానే కుదిర్చానని ఇప్పటికీ బ్యాంకు స్నేహితులకు చెబుతుంటారట. చెప్పుకోనివ్వండి. సామ్రాజ్యం పెట్టిన షరతు ఒక్కటే, ఇకమీదట ఆ తలుపు ఎవరూ రుద్దకూడదని. నేను వెళ్లేరోజు హైమవతి నా దగ్గరికి వచ్చి, కళ్లతో కాకుండా, వేళ్లతో తన పేరు ఒకసారి చదువుకుని, తాళం అప్పగించింది. వీడ్కోలు మాటలేవీ చెప్పలేదు. టైర్లలో గాలి చూసుకోమన్నది.

ఇప్పుడు నేను పెడనలో, గుడ్డలు ఆరేసే మైదానం ఒడ్డున ఉంటున్నాను. ఇక్కడ నీడ లేదు. సామ్రాజ్యం మూడో గేరు దాకా వచ్చింది. నాలుగో గేరు ఎందుకని వాదిస్తోంది. నేను మళ్లీ వెలుస్తున్నాను. వాటర్ పేపర్ అరగదీసిన పలచని రంగు ముందుగా వెలుస్తోంది, దాని మధ్యలో మందంగా మిగిలినచోట పాత ఎరుపు నిలబడుతోంది. కిందటి వారం అద్దకం పనికి వచ్చిన ఒకామె, దూరం నుంచే, నా తలుపు మీది పేరు పైకి చదివింది. ఎండ తీసుకున్నదాన్నే ఎండ తిరిగి రాస్తోంది. మనుషులకు ఇంత న్యాయం చేతకాలేదు.

నా మొదటి ప్రశ్న మాత్రం అలాగే ఉంది. భాస్కరంగారు చెప్పలేదు. ఖాజావలి తలదించుకున్నాడు. ఇంతసేపు చదివిన మీరు అమాయకులు కారు; మీ వాకిట్లోనూ ఏదో ఒకటి అమ్మకానికి సిద్ధమవుతూనే ఉంటుంది, చేతిలో బకెట్టు కూడా ఉండే ఉంటుంది. ఆ బకెట్టు కింద పెట్టండి. ఆరనివ్వండి. ఆరాక దాని మీద ఏం రాసి ఉందో పైకి చదివి, కొనడానికి వచ్చిన మనిషి ఎదుటే నా ప్రశ్నకు జవాబు చెప్పండి.